మంచు తుపానులో ఇంటిలోపలి ప్రమాదాలు



తుపాను అనే మాట వినగానే మనకు గుర్తొచ్చేది సముద్రం పొంగటం, తాటిచెట్లు విరిగిపడటం, ఊళ్ళకు ఊళ్ళు నీళ్ళపాలవటం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో దాదాపు పదివేలమంది పోయారు. మన అమ్మలూ, అత్తగార్లూ ఇప్పటికీ ఆ కార్తీకమాసం మాట చెప్పుకుంటూనే వుంటారు. మన తుపాను పెద్ద చప్పుడుతో వస్తుంది. రెండు రోజుల ముందునుంచే గాలి, వాన, రేడియోలో హెచ్చరికలు. ఇవాళ నేను చెప్పబోయే తుపాను వేరే రకం. అది తెల్లగా, మెత్తగా రాలుతుంది. కిటికీలోంచి చూస్తే ముచ్చటగా వుంటుంది, పిల్లలు ఫోటోలు తీసి పంపుతారు. మనుషుల ప్రాణాలు పోయేది ఆ తరువాత, చాలాసార్లు తలుపులు వేసుకున్న ఇంట్లోనే.

"ఎండలతో వేగేవాళ్ళం, మనకెందుకమ్మా మంచు తుపాను సంగతి?" అని అడిగేవాళ్ళు వుంటారు. మా బడంగ్‌పేటలో, మా వీధివరకే చెబుతాను, అబ్బాయో అమ్మాయో అమెరికాలో లేని ఇల్లు వెతుక్కోవాలి. డాలస్, హూస్టన్ పేర్లు మనకిప్పుడు మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ లాగా నోట్లో నానుతున్నాయి. కాన్పులకనీ, మనవలను చూసుకోవటానికనీ మనలో ఎంతమంది ఆర్నెల్లపాటు అక్కడికి వెళ్ళి రావటంలేదు? పైగా ఆ తుపానులో చంపే వాటిలో ఒకటి మన ఇళ్ళలోనూ వుంది. అదేమిటో కాస్త ఆగి చెబుతాను.

డాలస్, హూస్టన్ వున్న టెక్సాస్ రాష్ట్రం దక్షిణాన వుంది. అక్కడ వేసవి మన వేసవికి తీసిపోదు. మనవాళ్ళు అక్కడ ఎక్కువగా స్థిరపడటానికి వుద్యోగాలతోపాటు ఆ వాతావరణం కూడా ఒక కారణమే. అలాంటి చోటికి 2021 ఫిబ్రవరి 13 మొదలు 17 దాకా మంచు తుపాను వచ్చింది. ఫిబ్రవరి 16న డాలస్‌లో సున్నాకు కింద 19 డిగ్రీల సెంటీగ్రేడు. 1949 తరువాత అంత చలి అక్కడ ఎవరూ ఎరగరు. సముద్రానికి దగ్గరగా వుండే హూస్టన్‌లో కూడా సున్నాకు కింద పది డిగ్రీలు దాటింది.

అంత చలి ఎక్కడినుంచి వచ్చింది? భూమికి ఉత్తరపు కొసన, ఆకాశంలో చాలా ఎత్తున, చలిగాలి గుండ్రంగా సుడి తిరుగుతూ వుంటుంది. బొంగరాన్ని తలుచుకోండి. జోరుగా తిరిగినంతసేపూ ఒక్కచోట నిలబడుతుంది, జోరు తగ్గగానే తూలుతుంది. 2021 జనవరిలో ఆ ఎత్తున గాలి ఒక్కసారిగా వేడెక్కి, ఆ సుడి జోరు తగ్గి తూలింది. అక్కడ బంధించి వుండవలసిన చలి కిందికి జారి టెక్సాస్‌దాకా దిగిందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు.

చలికే ఇంత నష్టం జరిగిందా అంటే, చలికి కరెంటు తోడైంది. ఆ రాష్ట్రంలో సగానికి పైగా ఇళ్ళు కరెంటుతోనే వెచ్చబడతాయి. చలి ముదిరేసరికి అందరూ హీటర్లు పెంచారు. సరిగ్గా ఆ సమయానికే కరెంటు తయారుచేసే కేంద్రాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. గ్యాసు బావుల దగ్గర గొట్టాలు గడ్డకట్టాయి, బొగ్గు కేంద్రాలకూ గాలిమరలకూ కూడా అదే గతి. కరెంటు పోయేసరికి గ్యాసును నెట్టే యంత్రాలు ఆగాయి, గ్యాసు రాక మరికొన్ని కరెంటు కేంద్రాలు ఆగాయి. వంటింట్లో అగ్గిపెట్టె వెతకటానికి దీపం కావాలి, దీపం వెలిగించటానికి అగ్గిపెట్టె కావాలి అన్నట్టు తయారైంది. పక్క రాష్ట్రాలనుంచి తెచ్చుకుందామంటే, టెక్సాస్ కరెంటు తీగెల ఏర్పాటు చాలావరకు విడిగా, తనకు తానుగా వుంది. తెచ్చుకోగలిగింది కొద్దిగానే.

ఫిబ్రవరి 15 తెల్లవారుజామున దాదాపు రెండు గంటలకు ఆ ఏర్పాటు మొత్తం కుప్పకూలటానికి 4 నిమిషాల 37 సెకన్ల దూరానికి వచ్చింది. కూలితే మళ్ళీ నిలబెట్టటానికి వారాలు పట్టేదట. అందుకని అధికారులు జనానికి కరెంటు కోసేశారు. మనకు తెలిసిన కోతలు వంతులవారీగా వుంటాయి, రెండు గంటలు పోయి మళ్ళీ వస్తుంది. అక్కడ వంతులు తిప్పటానికి కూడా కరెంటు మిగలలేదు. 45 లక్షలకు పైగా ఇళ్ళూ, దుకాణాలూ చీకటిలో పడ్డాయి. కొందరికి మూడు నాలుగు రోజులు దాకా రాలేదు. ఇది ముందు తెలియని సంగతీ కాదు. 2011 ఫిబ్రవరిలోనూ అక్కడ ఇలాగే గడ్డకట్టి కరెంటు పోతే, యంత్రాలకు చలినుంచి రక్షణ ఏర్పాటు చేయండని అప్పుడే నివేదిక రాశారు. తప్పనిసరి చేసే చట్టం మాత్రం 2021 విపత్తు తరువాత గానీ రాలేదు. ఖర్చుకు వెనకాడి ఇంటి కప్పు బాగుచేయించకుండా వానాకాలందాకా నెట్టుకొచ్చే మగవాళ్ళు ఒక్క మన ఇళ్ళలోనే లేరన్నమాట.

టెక్సాస్ ఆరోగ్యశాఖ లెక్క ప్రకారం ఆ తుపాను వల్ల 246 మంది చనిపోయారు. వాళ్ళలో 161 మంది చలి తగిలి పోయినవాళ్ళు. బొగ్గు పొగలాంటి విషవాయువువల్ల 19 మంది, రోడ్డు ప్రమాదాలవల్ల 22 మంది, జారిపడి కొందరు, ఇంట్లో మంటలు అంటుకుని కొందరు. మిగతావాళ్ళు అప్పటికే వున్న జబ్బు ముదిరి పోయారు. ఈ లెక్కలో మన గృహిణులు గమనించవలసింది ఎంతో వుంది.

ముందు చలి సంగతి. మన వొంటి వేడి మామూలుగా 37 డిగ్రీలు. అది 35కు దిగితే ప్రమాదం మొదలైనట్టే. మొదట వొణుకు వస్తుంది. వొణకటం మంచిదే, శరీరం తనను తాను వెచ్చబెట్టుకునే ప్రయత్నమది. తరువాత మాట తడబడుతుంది, చేతిలో వస్తువు జారిపోతుంది, మనిషి అడిగినదానికి పొంతనలేని జవాబు చెబుతాడు, నిద్ర ముంచుకొస్తుంది. వొణుకు ఆగిపోయిందంటే తగ్గిపోయిందని సంతోషించకండి, ముదిరిందని అర్థం. పెద్దవయసువాళ్ళకు, మధుమేహం వున్నవాళ్ళకు, పసిబిడ్డలకు ఇది ఇంట్లో మంచంమీద పడుకుని వుండగానే రావచ్చు. మామగారు మగతగా వున్నారు, ప్రయాణపు అలసటేమో అనుకుంటారు మనవాళ్ళు. అక్కడే ఆలస్యమౌతుంది.

అలాంటప్పుడు తడి బట్టలు తీసేసి, పొడి దుప్పట్లు చుట్టి, ముందు ఛాతీ, మెడ, తల వెచ్చబెట్టాలి. చేతులూ కాళ్ళూ గట్టిగా రుద్దకూడదు. స్పృహ వుంటే వెచ్చని తియ్యని పాలో టీయో పట్టించవచ్చు. ఆసుపత్రికి 911కు ఫోను చేయాలి. కొంచెం బ్రాందీ పోస్తే వెచ్చబడుతుందనే నమ్మకం మన మగవాళ్ళలో బాగా వుంది. అది అబద్ధం. మద్యం చర్మందగ్గరి రక్తనాళాలను వెడల్పు చేసి, లోపలి వేడిని బయటకు పోనిస్తుంది. వెచ్చగా వున్నట్టు అనిపించేది అందుకే.

బట్టల విషయం మనకు బాగానే తెలుసు, కానీ ఒక్కమాట. తడిసిన నూలుచీర వొంటికి అంటుకుంటే ఎంత చల్లగా వుంటుందో చాకిరేవునుంచి వచ్చినవాళ్ళకు తెలుసు. నూలు తడిస్తే వేడిని నిలపదు. ఉన్ని తడిసినా కొంత నిలుపుతుంది. ఒక మందపాటి కోటుకన్నా పొరలు పొరలుగా మూడు పలుచటి బట్టలు మేలు, మధ్యలో చిక్కిన గాలే దుప్పటిలా పనిచేస్తుంది. పిల్లలు నవ్వినా సరే, పెట్టెలో మంకీ క్యాపు పెట్టుకెళ్ళండి.

ఇక అసలు చెప్పాలనుకున్నది. కరెంటు లేదు, ఇల్లు మంచుగడ్డలా వుంది, పిల్లలు వొణుకుతున్నారు. ఏం చేస్తాం? ఏదో ఒకటి వెలిగిస్తాం. టెక్సాస్‌లో జనం అదే చేశారు. పెరట్లో మాంసం కాల్చుకునే బొగ్గుల పొయ్యి ఇంట్లోకి తెచ్చుకున్నవాళ్ళున్నారు. జనరేటరు గరాజులో పెట్టుకున్నవాళ్ళున్నారు. కొందరు గ్యాసు పొయ్యి వెలిగించి దాని తలుపు తెరిచి చుట్టూ కూర్చున్నారు. మరికొందరు గరాజులో కారు ఇంజను నడుపుతూ అందులోనే వెచ్చగా కూర్చుని ఫోను చార్జింగు పెట్టుకున్నారు. హూస్టన్‌లో ఒక కుటుంబం అలాగే కూర్చుంటే, తల్లీ చిన్నకూతురూ పోయారు, తండ్రీ కొడుకూ ఆసుపత్రి పాలయ్యారు. ఆ కొద్దిరోజుల్లో ఈ విషవాయువు పీల్చి ఆ రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా ఆసుపత్రులకు వచ్చారు.

ఆ వాయువు పేరు కార్బన్ మోనాక్సైడ్. బొగ్గు, కట్టె, కిరసనాయిలు, గ్యాసు, పెట్రోలు, ఏది కాలినా గాలి చాలకపోతే అది పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. మన వంటగ్యాసుకూ నిజానికి వాసన వుండదు. కారితే మనకు తెలియాలని కంపెనీలు కావాలనే ఆ కుళ్ళువాసన కలుపుతాయి. దీనికి అలా కలిపేవాళ్ళెవరూ లేరు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే ఎర్రని పదార్థం వుంది చూడండి, దాన్ని ఇది ప్రాణవాయువుకన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బస్సులో సీట్లన్నీ ముందే రుమాళ్ళు వేసి పట్టేసుకున్నట్టు. వూపిరి ఆడుతూనే వుంటుంది, కానీ గుండెకూ మెదడుకూ ప్రాణవాయువు చేరదు.

దాని లక్షణాలే మోసం చేస్తాయి. తలనొప్పి, తలతిరగటం, వాంతి, నీరసం, ఆపైన నిద్ర. జలుబుజ్వరమో అజీర్తో అనుకుని పడుకుంటారు. మళ్ళీ లేవరు. గుర్తుపట్టే ఉపాయం ఒకటుంది. జ్వరం లేకుండానే ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చిందా, బయటికి వెళ్ళగానే తగ్గుతోందా, అయితే అది విషవాయువే. అందరూ ముందు బయటపడాలి, మంచు పడుతున్నా సరే. తరువాతే ఫోను. జనరేటరు ఇంటికి ఇరవై అడుగులైనా దూరంగా, కిటికీలకు ఎడంగా వుండాలి. గరాజు తలుపు ఎత్తిపెట్టాం కదా అంటే చాలదు.

ఈ వాయువును పసిగట్టి మోగే చిన్న అలారం అక్కడ దుకాణాల్లో దొరుకుతుంది. పొగ అలారం వేరు, ఇది వేరు. చాలా ఇళ్ళలో మొదటిది వుండి రెండోది వుండదు. వున్నా కరెంటుతో నడిచేదైతే కరెంటు పోయినరోజు పనికిరాదు, బ్యాటరీ వుండాలి.

ఇందాక మన ఇళ్ళలోనూ వుందన్నది దీన్నే. ఇబ్రహీంపట్నం వైపు డిసెంబరు, జనవరి రాత్రులు కొన్నిసార్లు పది డిగ్రీల లోపుకు దిగుతాయి. అప్పుడు వాచ్‌మన్ గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని, చలిగాలి రాకుండా తలుపు సందుల్లో గోనెపట్టాలు కుక్కి పడుకుంటారు. బాలింత గదిలో నిప్పులమీద సాంబ్రాణి వేసి తలుపులు బిగించే అలవాటు మనకుంది. పొగపెట్టటం తప్పు అనను, కానీ కిటికీ ఒకటి తెరిచి వుంచి, అయిపోగానే ఆ నిప్పులు బయట పెట్టేయాలి. అన్నిటికన్నా చూసుకోవలసింది గ్యాసు గీజరు. కరెంటు బిల్లు తగ్గుతుందని స్నానాలగదిలోనే గ్యాసు గీజరు బిగించుకుంటున్నాం. ఆ గది మన మేకప్పు బల్లంత వుంటుంది. పైన వున్న చిన్న వెంటిలేటరుకు, చలని ఒకరు అట్టముక్క అడ్డంపెడతారు, దోమలని మరొకరు ప్లాస్టిక్ కాగితం అంటిస్తారు. గీజరు పావుగంట వెలిగితే గదిలో గాలి అయిపోతుంది. తలుపు గడియ లోపల వేసివుంటుంది. స్నానానికి వెళ్ళిన పిల్ల ఎంతకూ రాలేదని తలుపు విరగ్గొట్టిన సంగతులు మన నగరాల్లో ప్రతి చలికాలం పేపర్లలో చదువుతూనే వున్నాం. గీజరు గది బయట బిగించి, వేడినీళ్ళు గొట్టంద్వారా లోపలికి తెచ్చుకోవాలి. అద్దె ఇల్లయి అది కుదరకపోతే, తలుపు తెరిచి బకెట్లు నింపుకుని, గీజరు ఆపి, అప్పుడు గడియ వేసుకోండి.

మళ్ళీ టెక్సాస్‌కు వద్దాం. అక్కడ ఇళ్ళు ఎక్కువగా కర్రచట్రం మీద కట్టినవి. నీళ్ళగొట్టాలు అటకమీదుగా, బయటి గోడల్లోంచి పోతాయి. డీప్ ఫ్రీజరులో నిండా నీళ్ళున్న గాజుసీసా పెట్టి మరచిపోతే ఏమౌతుందో మీకు తెలుసు. నీళ్ళు గడ్డకడితే పదింట ఒక వంతుకు కాస్త తక్కువగా ఉబ్బుతాయి. గొట్టం కూడా అంతే, పగులుతుంది. చిత్రమేమంటే పగిలిన సంగతి గడ్డకట్టినప్పుడు తెలియదు, కరిగినప్పుడు తెలుస్తుంది. నాలుగోరోజు ఎండ వచ్చింది, హమ్మయ్య అనుకుంటూ వుండగా పైకప్పులోంచి నీళ్ళు ధారగా పడి, తడిసిన కప్పు పలకలు సోఫాలమీదా మంచాలమీదా వూడిపడ్డాయి. అందుకే చలి హెచ్చరిక రాగానే కుళాయిలు సన్నధారగా కారుతూ వుంచమంటారు, సింకుకింద అలమర తలుపులు తెరిచి పెట్టమంటారు. అన్నిటికన్నా ముందు, ఇంటికి నీళ్ళు వచ్చే పెద్దవాల్వు ఎక్కడుందో తెలిసి వుండాలి. కొత్తగా ఇల్లు కొన్న పిల్లల్ని అడిగి చూడండి, చాలామందికి తెలియదు!

అసలు నీళ్ళే పెద్ద సమస్య అయింది. ఊరి నీటికేంద్రాలకు కరెంటు లేక, పగిలిన గొట్టాలవల్ల ఒత్తిడి తగ్గి, కోటిమందికి పైగా నీళ్ళు కాచి తాగమన్నారు. కాచటానికి కరెంటు పొయ్యి వెలగదు. మంచు కరిగించుకుని పాయిఖానాలో పోసుకున్నారు. మొత్తం నష్టం రెండువేల కోట్ల డాలర్లు దాటిందని లెక్క. గంటగంటకూ మారే టోకు ధరకు కరెంటు కొనే ఒప్పందం చేసుకున్న ఇళ్ళకైతే యూనిట్ తొమ్మిది డాలర్ల దాకా పడింది, వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. మనుషుల సంగతి ఇలా వుంటే, సముద్రతీరంలో చలికి కొయ్యబారిపోయిన తాబేళ్ళను జనం వేలకొద్దీ కార్లలో ఎక్కించుకొచ్చి, సభలు జరిగే పెద్దహాల్లో వరసగా పరిచి కాపాడారు. ఇది చదివినప్పుడు నాకు ఆ ఊరివాళ్ళమీద గౌరవం కలిగింది.

రోడ్లసంగతి కొద్దిగా. 2021 ఫిబ్రవరి 11న, పెద్ద తుపానుకు రెండురోజుల ముందే, ఫోర్ట్ వర్త్ దగ్గర రోడ్డుమీద కంటికి కనబడని పలుచటి మంచుపొరమీద 130కి పైగా వాహనాలు ఒకదానికొకటి గుద్దుకున్నాయి, ఆరుగురు చనిపోయారు. 2022 డిసెంబరులో న్యూయార్కు రాష్ట్రంలోని బఫెలో ప్రాంతంలో నలభైమందికి పైగా పోయారు. కార్లలో చిక్కుకున్నవాళ్ళు కొందరు, పార పట్టి మంచు తోడుతూ గుండె ఆగినవాళ్ళు కొందరు. కారులో చిక్కుకుంటే ఇంజను నడిపేముందు పొగగొట్టంచుట్టూ మంచు తీసేయాలి, లేకపోతే ఆ పొగ కారులోకే వస్తుంది. ఆ డిసెంబరు 26నే అరిజోనాలో గడ్డకట్టిన చెరువుమీద నడుస్తూ మంచు పగిలి మన తెలుగువాళ్ళు ముగ్గురు, ఇద్దరు మగవాళ్ళూ ఒక స్త్రీ, మునిగిపోయారు. రాయిలా కనిపిస్తుంది గానీ ఎంత మందం వుందో పైకి తెలియదు. సెలవుల్లో చూడటానికి వెళ్ళేవాళ్ళకు ఈ మాట తప్పకుండా చెప్పండి.

తిండి విషయానికి వస్తే మనం పంపే సామానే ఆదుకుంటుంది. అటుకులు, మరమరాలు, పుట్నాలపొడి, కందిపొడి, సున్నుండలు, వీటికి పొయ్యి అక్కరలేదు. "ఎందుకమ్మా ఇవన్నీ, ఇక్కడ అన్నీ దొరుకుతాయి" అంటారు. తుపాను వారంలో అక్కడ దుకాణాల అరలు ఖాళీ. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున మూడు రోజులకు తాగేనీళ్ళు, టార్చిలైటు, వాడే మందులు వారానికి సరిపడా వుండాలి. కరెంటు పోయాక ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ తెరవకపోతే లోపలి పాలూ పెరుగూ నాలుగు గంటలు నిలుస్తాయి.

చివరగా ఫోను. కరెంటు లేని ఇంట్లో వాళ్ళకు మిగిలిన ఆసరా ఫోనులో వున్న కాస్త చార్జింగే. మనం ఆదుర్దాకొద్దీ పదిసార్లు చేస్తే ఆ కాస్తా అయిపోతుంది. వీడియో అసలు అడగవద్దు. "రోజుకు రెండుసార్లు, ఫలానా వేళకు, 'క్షేమం' అని ఒక్కమాట రాసిపెట్టు" అని ముందే అనుకోండి. తుపాను హెచ్చరిక వున్నప్పుడు మాట్లాడితే, తిన్నారా పడుకున్నారా అనే మామూలు ప్రశ్నలు ఆపి ఇవి అడగండి. విషవాయువు అలారానికి బ్యాటరీ వుందా? నీళ్ళవాల్వు ఎక్కడుంది? ఇల్లు చల్లబడితే ఎవరింటికి వెళతారు? కారు గరాజులో నడపరు కదా?

ఇంకో సంగతి. చలికాలంలో టెక్సాస్‌లో అర్ధరాత్రి పన్నెండైతే మనకు పగలు పదకొండున్నర. వాళ్ళు నిద్రలో వుండే ఆ చలిగంటల్లో మనం మెలకువగా వుంటాం. 2021 ఫిబ్రవరి 15న అక్కడ కరెంటు కుప్పకూలబోయిన వేళకు మనకు మధ్యాహ్నం దాదాపు ఒకటిన్నర, భోజనాలు ముగించి గిన్నెలు సర్దుకునే వేళ. రాయమన్న ఒక్కమాటను వాళ్ళు పడుకోబోయేముందు ఒకసారి, లేవగానే ఒకసారి రాయమనండి. మన గడియారంలో పొద్దున తొమ్మిదిన్నరకు మొదటిది, సాయంత్రం ఆరున్నరకు రెండోది. ఆరున్నరది ఏడైనా రాకపోతే చేయటానికి, అదే వూళ్ళో వుండే మన బంధువులదో పొరుగువాళ్ళదో ఒక ఫోను నెంబరు కాగితంమీద రాసి ఫ్రిజ్‌కు అంటించి పెట్టుకోండి.